ఆరు దినార్ల లెక్క

(కర్జకాన్‌లో జరిగిన మన ఫోరం 2024 వార్షిక సమావేశంలో సైట్ సూపర్‌వైజర్ల తరఫున చేసిన ప్రసంగం)



మమ్మల్ని ఈసారి సైట్ సేఫ్టీ గురించి మాట్లాడమన్నారు. హెల్మెట్, బెల్టు, బూట్లు... ఇవన్నీ రోజూ పొద్దున టూల్‌బాక్స్ మీటింగ్‌లో మేం చెప్తూనే ఉన్నాం. మీరు వింటూనే ఉన్నారు, పది గంటలకు హెల్మెట్ తీసి బోర్లించి దాని మీద కూర్చుంటూనే ఉన్నారు. మళ్లీ అదే చెప్తే మీకూ విసుగు, మాకూ విసుగు. అందుకని కమిటీని అడిగి వేరే సంగతి తీసుకున్నాం. మనకు జబ్బు చేస్తే ఎవరు కడుతున్నారు? ఇన్సూరెన్స్ అంటున్నారు, మెడికల్ అంటున్నారు, ఆ పైసలు ఎవరి జేబులోంచి పోతున్నాయి? దీని మీద నాలుగు మాటలు చెప్తాం.

ఇది రాసింది ఒక్కరు కాదు. మేం నలుగురం సూపర్‌వైజర్లం, ఇద్దరం జగిత్యాల దిక్కు, ఒకరు అమలాపురం, ఒకరు కడప. నలుగురమూ డిప్లొమా చదివి వచ్చినవాళ్లమే. మూడు శుక్రవారాలు కూర్చుని రాసుకున్నాం. చదవడం మాత్రం గొంతు ఉన్నవాడికి అప్పగించాం.

మొన్న ఆగస్టులో జరిగింది చెప్తాం. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా బయట పని నిషేధం ఉన్న రోజులు. ఆ టైంలో నీడలో పడుకున్న ఒక షట్టరింగ్ కార్పెంటర్ లేవలేదు. నడుము దగ్గర పోటు, కక్కడం, ఒళ్లంతా చెమట. ఎండాకాలం నీళ్లు సరిగా తాగకపోతే కిడ్నీలో రాయి వస్తుందని మనందరికీ తెలుసు, అయినా మూత్రానికి పోవాల్సి వస్తుందని నీళ్లు తాగం. సరే, సాయంత్రం వాణ్ని తీసుకుని హమద్ టౌన్ హెల్త్ సెంటర్‌కు పోయాం. కౌంటర్‌లో సీపీఆర్ పెట్టి చూసి, కవరేజీ లేదన్నారు. పర్మిట్ రెన్యూవల్ కాలేదంట. డాక్టర్ చూడాలంటే ఏడు దినార్లు కట్టాలి. కట్టాం.

బయటికొచ్చి గోడకు ఆనుకుని ఆ తమ్ముడు ఒక మాట అడిగాడు. "అన్నా, నెలకు ఆరు దినార్లు మెడికల్ అని ఇస్తున్న గదా. మరి నా మెడికల్ ఏది?"

మాకు అర్థం కాలేదు. వాడు మా కంపెనీ వీసా మీద లేడు. మనుషుల్ని సప్లై చేసే ఒక కంపెనీ నుంచి మా సైట్‌కు వచ్చినవాడు. జీతం 110 దినార్లు. 2021 నుంచి జీతాలు బ్యాంకు ద్వారా వేయాలనే పద్ధతి వచ్చింది కాబట్టి బ్యాంకులో 110 పూర్తిగానే పడుతుంది. కాగితం మీద అంతా సక్రమమే. పడిన రెండో రోజు క్యాంపు ఇన్‌చార్జి నోట్‌బుక్ పట్టుకుని రూం రూంకు వస్తాడు. మెడికల్ ఆరు. రశీదు లేదు. నోట్‌బుక్‌లో పేరు ముందు టిక్కు. అలా పదిహేడు నెలలు ఇచ్చాడు.

ఆరును పన్నెండుతో గుణించండి. 72.

ఆ అంకె మాకు తెలిసిన అంకె. ఈ దేశంలో విదేశీ కార్మికుడికి వర్క్ పర్మిట్ తీసేటప్పుడు ఎల్‌ఎంఆర్‌ఏ యజమాని దగ్గర వసూలు చేసే వైద్య రుసుము 2024లో మనిషికి ఏడాదికి సరిగ్గా 72 దినార్లు ఉండేది. ఇది యజమాని కట్టాల్సిన రుసుము. అప్పుడు మన రూపాయల్లో పదహారు వేలు ఉండేది. దాన్ని పన్నెండు ముక్కలు చేసి ఆ తమ్ముడి దగ్గర వసూలు చేస్తున్నారు. పైగా తీసుకున్న సొమ్ముతో రెన్యూవల్ కూడా చేయలేదు. అంటే వాడు వసూలుకు ఉన్నాడు, కవరేజీకి లేడు.

మర్నాడు అడిగి చూస్తే మా సైట్‌లో ఆ సప్లై కంపెనీ మనుషులు పదకొండు మంది, అందరూ ఇస్తున్నారు. తెలుగువాళ్లు ఏడుగురు, బీహారు వాళ్లు ఇద్దరు, ఇద్దరు నేపాలీలు. ఎవరికీ ఇది తప్పని తోచలేదు. "కంపెనీ రూలేమో అనుకున్నాం సార్" అన్నారు. మేం కూడా అదే సైట్‌లో రెండేళ్లుగా ఉన్నాం. మాకూ తెలియలేదు. తెలుసుకోలేదు అంటే ఇంకా సరిగ్గా ఉంటుంది.

చట్టం ఏమంటుందో క్లుప్తంగా చెప్తాం, ఎందుకంటే దీని మీద మెస్‌లో పది రకాల మాటలు నడుస్తున్నాయి. ఎల్‌ఎంఆర్‌ఏను ఏర్పాటు చేసిన 2006 నాటి 19వ నంబరు చట్టంలో 23వ అధికరణ ఉంది. పర్మిట్ ఇప్పించినందుకు గానీ, పనిలో పెట్టుకున్నందుకు గానీ, పనిలో ఉంచుకున్నందుకు గానీ కార్మికుడి దగ్గర ఎవరూ సొమ్ము తీసుకోకూడదని అందులో ఉంది. ఆరోగ్య బీమా మీద 2018లో 23వ నంబరు చట్టం వేరే వచ్చింది. 2024 నాటికి అది పూర్తిగా అమల్లోకి రాలేదు గానీ, అందులోనూ విదేశీ ఉద్యోగి తప్పనిసరి బీమా సొమ్ము యజమానిదే అన్నారు. పక్క దేశాల్లోనూ దారి ఇదే. దుబాయ్‌లో 2013లో వచ్చిన 11వ నంబరు చట్టం ప్రకారం బీమా యజమాని చేయించాలి, ఆ ఖర్చు ఉద్యోగి మీద వేయకూడదు. షార్జా, అజ్మాన్ లాంటి మిగతా ఎమిరేట్లకూ 2025 జనవరి 1 నుంచి తప్పనిసరి చేశారు.

చట్టం సంగతి అలా ఉంచండి. మేం సైట్ ఆఫీసులో కూర్చునేవాళ్లం. మాకు తెలిసింది రేటు కట్టడం. ఆ సంగతి మీకు చెప్పాలి, ఎందుకంటే ఎవరూ చెప్పరు.

ఒక పనికి టెండర్ వేసేటప్పుడు కూలి రేటు ఎలా కడతారు? జీతం ఒక్కటే వేయరు. పర్మిట్‌కు 2024లో ఏడాదికి 100 దినార్లు. నెల నెలా ప్రభుత్వానికి కట్టే రుసుము, అప్పట్లో మొదటి ఐదుగురికి ఐదు చొప్పున, ఆ పైన మనిషికి పది చొప్పున, అంటే పెద్ద కంపెనీకి ఏడాదికి 120. వైద్య రుసుము 72. మొత్తం మనిషికి 292 దినార్లు అయ్యేది. దీనికి రూం, బస్సు, టికెట్, ఇండెమ్నిటీ కలుపుతారు. అన్నీ కలిపి గంటల మీద పంచుతారు. నెలకు ఇరవై ఆరు రోజులు, రోజుకు ఎనిమిది గంటలు అనుకుంటే ఏడాదికి 2,496 గంటలు. 72ను దాని మీద పంచితే గంటకు సుమారు 29 ఫిల్స్. మీరు పని చేసే ప్రతి గంటకూ మీ వైద్యం కోసమని 29 ఫిల్స్ ఆ బిల్లు కట్టేవాడు, అంటే బిల్డింగ్ యజమాని, ఇచ్చేశాడు. రేటులో అది కలిసే ఉంది.

ఇంకేం మిగిలింది? ఒకే గోడకు రెండుసార్లు కొలత రాసి రెండుసార్లు బిల్లు పెట్టినట్టు. అక్కడ క్లయింట్ దగ్గర ఒకసారి, ఇక్కడ క్యాంపులో నోట్‌బుక్ పట్టుకుని ఇంకోసారి. మేం గోడకు అలా చేస్తే కన్సల్టెంట్ మమ్మల్ని సైట్ నుంచి పంపేస్తాడు.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. అందరు కాంట్రాక్టర్లూ ఒక్కటి కాదు. ఎనిమిది మందితో ప్లాస్టరింగ్ పని చేసే చిన్న కాంట్రాక్టర్లు మనవాళ్లలోనే ఉన్నారు. వాళ్ల బిల్లు ఆరు నెలలు ఆగుతుంది, జీతం మాత్రం నెల తిరగంగనే ఇవ్వాలి, రుసుములు ముందే కట్టాలి. వాళ్ల ఇబ్బంది మాకు తెలుసు. కానీ రేటు తక్కువ వేసుకుని పని తెచ్చుకుని, ఆ తక్కువను కూలివాడి కిడ్నీ మీద పూడ్చుకోవడం ఎట్ల కుదురుతుంది? అది మాత్రం ఒప్పుకోలేం.

"సార్, ఆరు కోయకపోయినా జీతమే ఆరు తక్కువ ఇస్తారు, ఏం తేడా?" అని మా రూంలోనే ఒకాయన అన్నాడు. తెలివైన మాట. నిజమే, వాళ్లు మనిషిని పెట్టుకునేటప్పుడు మొత్తం ఖర్చు చూసుకునే జీతం నిర్ణయిస్తారు. ఆ రుసుములు ఉన్నాయి కాబట్టే ఆ మేరకు మన జీతం పెరగదు. ఆ లెక్కన వైద్య రుసుము ఎంతో కొంత మనమే మోస్తున్నాం, పేరు యజమానిది అయినా. కానీ తేడా ఉంది తమ్మీ. జీతం తక్కువైతే ఒప్పందంలో కనపడుతుంది, విమానం ఎక్కకముందే వద్దనుకోవచ్చు. నోట్‌బుక్ కోత ఎక్కడా కనపడదు. దాని మీద ఓటీ లేదు, ఇండెమ్నిటీ లేదు, అడిగితే సాక్ష్యం లేదు.

ఫ్రీ వీసా మీద ఉన్నవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు, చేతులెత్తమని అడగం. మీ కథ వేరు. మీరు కఫీల్‌కు ఏటా వందల దినార్లు ఇస్తారు, అందులో పర్మిట్ ఎంత, వైద్యం ఎంత, వాడి లాభం ఎంత అని మీకు చెప్పేవాడు లేడు. మొత్తం మీదే. 2017లో ఫ్లెక్సీ పర్మిట్ పెట్టినప్పుడు కనీసం లెక్క తెరిచి చూపించారు. రెండేళ్లకు 449 దినార్లు, అందులో వైద్యానికి 144, నెల నెలా 30 వేరే. 144 అంటే రెండు 72లు. కార్మికుడే యజమాని కాబట్టి కార్మికుడే కట్టాడు. 2022లో దాన్ని తీసేసి కార్మికుల రిజిస్ట్రేషన్ పద్ధతి తెచ్చారు, అందులో కూడా మన రుసుములు మనవే. సొంతంగా కడుతున్నామని తెలిసి కట్టడం ఒక పద్ధతి, సరే. ఫ్రీ వీసాలో ఎవడికో ఇచ్చి, వాడు కట్టాడో లేదో ఆసుపత్రి కౌంటర్‌లో తెలుసుకోవడం చాలా ప్రమాదం. ఇక ఖల్లివల్లి అయినవాళ్లకు కౌంటరే లేదు. తలుపు దగ్గరే భయం.

ఇప్పుడు కార్డు చెల్లినవాళ్ల సంగతికి వద్దాం. 72 దినార్లు సక్రమంగా కట్టిన కంపెనీల్లో ఉన్నవాళ్లు అదృష్టవంతులే. కానీ ఆ 72 ప్రాథమిక వైద్యానికి. జ్వరం, దగ్గు, షుగరు, బీపీ చూపించుకోవడానికి, అత్యవసరానికి. దాని బయట చాలా ఉంది. ఆ షట్టరింగ్ తమ్ముడి ఖర్చు మేం ఒక సిమెంటు సంచి కాగితం మీద రాసి పెట్టాం, చదువుతాం. హెల్త్ సెంటర్ ఏడు. కర్జకాన్ నుంచి రానుపోను టాక్సీలకు పది. ఆ రాత్రి నొప్పి ఆగక ప్రైవేటులో స్కానింగ్ ఇరవై ఐదు. మందులు పదకొండున్నర. మూడు రోజులు పని పోయింది, 110ని ఇరవై ఆరుతో భాగిస్తే రోజుకు నాలుగు దినార్ల 230 ఫిల్స్, మూడు రోజులకు 12 దినార్ల 690 ఫిల్స్. అంతా కలిపితే 66 దినార్ల 190 ఫిల్స్.

ఆ నెల ఇంటికి నలభై పంపాడు. ఇంట్లో ఎందుకు తగ్గిందని అడిగితే ఓటీ లేదని చెప్పాడంట. జబ్బు అని చెప్పలేదు. మనమెవరం చెప్తాం?

ఈ ఖర్చులో చివరిది చూడండి, మూడు రోజుల పని. దాని గురించి మేం చెప్పాల్సింది ఉంది, ఎందుకంటే అది కంపెనీ పెద్దల చేతిలో లేదు, మా చేతిలోనే ఉంది. హాజరు పట్టీ రాసేది మేమే. అందులో 'ఏ' అని రాస్తే ఆబ్సెంట్, 'ఎస్' అని రాస్తే సిక్. బహ్రెయిన్ కార్మిక చట్టం, 2012లో వచ్చిన 36వ నంబరు, ఏం చెప్తుందంటే మూడు నెలల సర్వీసు నిండినవాడికి జబ్బు చేస్తే ఏడాదికి 15 రోజులు పూర్తి జీతంతో, ఆపైన 20 రోజులు సగం జీతంతో, ఇంకో 20 రోజులు జీతం లేకుండా సెలవు ఉంది. ప్రభుత్వ హెల్త్ సెంటర్ గానీ, కంపెనీ ఒప్పుకున్న క్లినిక్ గానీ ఇచ్చిన కాగితం ఉండాలి. ఆ తమ్ముడికి కాగితం ఉంది. అయినా పట్టీలో మూడు రోజులూ 'ఏ' పడింది. ఎవరు రాశారు? మాలో ఒకరమే. ఎందుకు రాశారంటే, ఆ రోజు స్లాబు పోయాలి, మనుషులు తక్కువ, మీద నుంచి ఫోన్లు, చెప్పకుండా పోయాడని కోపం. పట్టీ నింపేటప్పుడు చెయ్యి అలవాటుగా 'ఏ' మీదకు పోయింది. ఒక్క అక్షరం. ఆ అక్షరం ఖరీదు 12 దినార్ల 690 ఫిల్స్. అది దిద్దించాం, కానీ ఎన్నింటిని దిద్దుతాం? పాత పట్టీలు తిరగేస్తే మాకే తల దించుకోవాల్సి వస్తుంది.

ఇంతకంటే పెద్ద తప్పు ఒకటి ఉంది. చెప్పాలా వద్దా అని మూడో శుక్రవారం మా నలుగురి మధ్య గట్టిగానే వాదన అయ్యింది. చెప్పాలనే తేల్చుకున్నాం.

రెండేళ్ల కింద వేరే సైట్‌లో ఒక రాడ్ బెండింగ్ పనివాడు పరంజా మీద నుంచి పడ్డాడు. ఎత్తు ఎక్కువ లేదు, రెండు మీటర్లు. చెయ్యి కింద పెట్టుకుని పడ్డాడు, మణికట్టు విరిగింది. రాజంపేట దగ్గరి మనిషి, నెమ్మదస్తుడు. సల్మానియా తీసుకుపోయి కట్టు కట్టించాం. సాయంత్రం ఆఫీసు నుంచి ఫోన్. "రూం బాత్రూంలో జారిపడ్డాడని రాయండి. సైట్ అని రాస్తే పోలీసు రిపోర్టు, ఇన్‌స్పెక్షన్, పని ఆగుద్ది." మేం రాశాం. కింద సంతకం పెట్టాం. వాడితోనూ వేలిముద్ర వేయించాం, ఎడమ చేతిది, కుడి చేతికి కట్టు ఉంది కాబట్టి.

అప్పుడు మాకు అది ఒక కాగితం. దాని అర్థం తర్వాత తెలిసింది. ఈ దేశంలో పనిలో గాయాలకు వేరే బీమా ఉంది. యజమాని ప్రతి కార్మికుడి జీతం మీద 3 శాతం నెల నెలా సోషల్ ఇన్సూరెన్స్‌కు కడతాడు, మనవాళ్లకు కూడా. మన జీతంలోంచి పోయేది నిరుద్యోగ బీమాకు ఒక్క శాతమే. ఆ 3 శాతం యజమానిదే. సైట్‌లో దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు, పని చేయలేని రోజులకు భత్యం, చేతిలోనో కాలిలోనో లోపం మిగిలిపోతే దానికి పరిహారం, ఇవన్నీ అక్కడి నుంచి రావాలి. "బాత్రూం" అని రాసిన క్షణం అదంతా పోయింది. అది పని గాయం కాదు, సొంత జబ్బు. పదిహేను రోజులు పూర్తి జీతం, ఇరవై రోజులు సగం, తర్వాత సున్నా. ఫిజియోథెరపీ సొంత డబ్బు. చెయ్యి వంకరగా అతికింది, పిడికిలి బిగియదు. రాడ్ వంచేవాడికి పిడికిలి బిగియకపోతే ఇంకేముంది? నాలుగో నెల వెళ్లిపోయాడు.

నెల నెలా కట్టిన 3 శాతం అలాగే ఉంది. ఖర్చంతా రాజంపేట పోయింది. ఆయన భార్య పుస్తెలు పోయాయి. ఇప్పటికీ ఉగాదికి, సంక్రాంతికి మాకు మెసేజ్ పెడతాడు, "సార్ బాగున్నారా" అని. మేం బాగున్నాం అని పెడతాం.

మా జేబులో కార్డు వేరే అని కూడా ఒప్పుకోవాలి. సూపర్‌వైజర్ గ్రేడు వాళ్లకు ప్రైవేటు ఆసుపత్రి కార్డు ఇస్తారు. రెండు దినార్లు కడితే డాక్టర్ ఏసీ రూంలో చూస్తాడు. ఒకే సైట్, ఒకే ఎండ, ఒకే దుమ్ము. ఆ కార్డు ఉండబట్టే ఇన్నేళ్లు ఈ లెక్క మాకు పట్టలేదేమో.

ఇంటికి పోయాక ఎవరు కడుతున్నారు? ఇక్కడ పదేళ్లు షుగరుతో, బీపీతో, సగం పాడైన కిడ్నీలతో లాక్కొచ్చి, ఇక కాదనుకున్నప్పుడు టికెట్ కొనుక్కుని పోతాం. అక్కడ తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో వైద్య సేవ. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు, మంచిదే. కానీ ఆలోచించండి, గల్ఫ్‌లో అరిగిపోయిన ఒంటికి మరమ్మతు ఖర్చు మన ఊరి ప్రభుత్వం కడుతోంది. అదీ కార్డు ఉంటే. వేలిముద్ర వేయడానికి మనిషి ఊళ్లో లేడని రేషన్ కార్డులో పేరు పోతుందేమోనని ఇక్కడ ఎందరు దిగులు పడుతున్నారో మాకు తెలుసు. 2024 సెప్టెంబరులో గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు 5 లక్షలు ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ఎన్నేళ్లో అడిగితే వచ్చింది. దాన్ని తక్కువ చేయం. అయితే అది పోయిన తర్వాత వచ్చేది.

బతికి ఉన్నప్పుడు పనికొచ్చేది ఒకటుంది, మీలో చాలామందికి ఉండి కూడా ఉన్నట్టు తెలియదు. ప్రవాసీ భారతీయ బీమా యోజన. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద వచ్చిన ప్రతి ఒక్కరికీ ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అప్పుడే అది చేయిస్తారు. ప్రీమియం రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షలు. ఆసుపత్రిలో చేరితే లక్ష వరకు. ఇది మన పైసలతో మనం కట్టుకున్నది, ఏజెంట్ అన్ని ఖర్చుల్లో కలిపేసి తీసుకున్నాడు, కాగితం మాత్రం ఇవ్వలేదు. మేం ఈ క్యాంపులో అడిగిన నలభై మందిలో పాలసీ కాగితం చూపించినవాళ్లు ముగ్గురు. రెండేళ్లో మూడేళ్లో అయ్యాక అది అయిపోతుంది, మనం ఉంటాం. ఆన్‌లైన్‌లో మళ్లీ కట్టుకోవచ్చు. ఒక్క బిర్యానీ పార్సిల్ ఖరీదు.

ఆ రాజంపేట ఆయన పాలసీ ఉందో లేదో కూడా మేం అప్పుడు చూడలేదు.

ఇక ఆ ఆరు దినార్లు ఏమయ్యాయో చెప్పి ముగిస్తాం, లేకపోతే భోజనాల దగ్గర అందరూ అదే అడుగుతారు. మేం నలుగురం, ఆ పదకొండు మందిలో నలుగురు, కలిసి సప్లై కంపెనీ ఆఫీసుకు పోయాం. గుమాస్తా ముందు, "ఇది కంపెనీ రూలు, ఇష్టం లేకపోతే రిజైన్ చేయమనండి" అన్నాడు. మేం అరవలేదు. 6 గుణకారం 12 అని కాగితం మీద రాసి చూపించాం. కౌంటర్‌లో కట్టిన ఏడు దినార్ల రశీదు పక్కన పెట్టాం. మా కంపెనీ లేబర్ రేటు పట్టీలో 72 ఉన్న లైను కూడా చూపించాం, అది చూపించడం మా ఉద్యోగానికి మంచిది కాదని తెలుసు. అతను లోపలికి పోయి వచ్చాడు. వారంలో పర్మిట్ రెన్యూవల్ అయ్యింది. నోట్‌బుక్ ఆ నెల నుంచి రాలేదు. పదిహేడు నెలలకు 102 దినార్లు రావాలి, ఆ తమ్ముడికి 30 ఇచ్చారు. మిగతాది ఫైనల్ సెటిల్‌మెంట్‌లో అన్నారు. మిగతా పది మందికి ఇంకా ఏమీ రాలేదు. ఇది అయిపోయిన పని కాదు, నడుస్తున్న పని. ఇవ్వకపోతే కార్మిక శాఖకు పోవాలని ఆ పదకొండు మంది ఒప్పుకున్నారు, మేం వెంట వస్తామని మాటిచ్చాం.

మేం మా వరకు కొన్ని అనుకున్నాం. డాక్టర్ కాగితం తెచ్చినవాడికి పట్టీలో 'ఎస్' తప్ప వేరే అక్షరం రాయం. సైట్‌లో దెబ్బ తగిలితే సైట్ అనే రాస్తాం, ఏ ఫోన్ వచ్చినా సరే. ఆ ఒక్క మాట మీద మాలో ఒకాయన, పిల్లల ఫీజులు ఉన్నవాడు, ఒక రోజు టైం అడిగి మరుసటి రోజు సరేనన్నాడు. ఆయనకు అది తేలిక కాదని మీకు తెలియాలి.

మీరు చేయాల్సింది చిన్నది. దెబ్బ తగిలిన రోజే చోటు ఫోటో తీయండి, పక్కన ఉన్నవాళ్ల పేర్లు రాసుకోండి. తెలియని భాషలో ఉన్న కాగితం మీద వేలిముద్ర వేయకండి, మేం చెప్పినా సరే. నోట్‌బుక్ పట్టుకుని ఎవరొచ్చినా రశీదు అడగండి. ఇవ్వనంటే తేదీ, ఎంత, ఎవరికి అని మీ ఫోన్‌లో రాసి పెట్టుకోండి. పర్మిట్ చెల్లుతోందో లేదో సీపీఆర్ నంబరుతో ఎల్‌ఎంఆర్‌ఏ వెబ్‌సైట్‌లో చూడొచ్చు, రానివాళ్లకు మా రూంలో చూసి పెడతాం. బెదిరిస్తే, జీతం ఆపితే 995కి ఫోన్ చేయొచ్చు. ఎంబసీ ఓపెన్ హౌస్‌కు పోదలచినవాళ్లు ముందే పేరు ఇస్తే ఒకే బండిలో పోదాం, టాక్సీ ఖర్చు పంచుకోవచ్చు.

బీమా యోజన పాలసీ నంబరు లేనివాళ్లు పాస్‌పోర్టు మొదటి పేజీ, చివరి పేజీ ఫోటో తీసుకుని వచ్చే శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక పద్నాలుగో నంబరు రూంకు రండి. సాయంత్రం ఆరు దాకా మేం అక్కడే కూర్చుంటాం. చార్జర్ ఎవరిది వాళ్లు తెచ్చుకోండి, ఆ రూంలో ఒక్కటే ప్లగ్గు ఉంది.